యంత్రానికి జబ్బుచేస్తే తెలుగు మాయమేనా?

కంప్యూటరులోకి తెలుగు వచ్చేసింది, ఇక ఆ రంగంలో కొట్లాడవలసినదేమీ లేదు అనేవారు ఈ మధ్య మన సభలలోనే ఎక్కువయ్యారు. వారికి నేనొక చిన్న పరీక్ష పెడుతున్నాను. ఇంట్లో లినక్స్ ఉన్న కంప్యూటరును తెలుగులో అమర్చుకోండి. ప్రవేశ తెర మీద మీ పేరు తెలుగులో కనబడుతుంది. జాబితాలు తెలుగులో ఉంటాయి. ఫోల్డర్లకు మీ ఇష్టం వచ్చిన తెలుగు పేర్లు పెట్టుకోవచ్చు. కళ్ళారా చూసి సంతోషించిన తరువాత యంత్రాన్ని ఆపివేసి, ఈసారి రికవరీ మోడ్‌లో, అనగా మరమ్మతు స్థితిలో, తెరవండి. ఆ ప్రవేశ తెర రాదు. నల్లని తెర మీద తెల్లని ఇంగ్లీషు అక్షరాలు దిగుతాయి. మీరు తెలుగులో పెట్టుకున్న పేర్లన్నీ గుర్తుపట్టరాని గళ్ళుగా మారిపోయి వరుసగా నిలబడతాయి.

ఆరోగ్యంగా ఉన్నంతసేపూ తెలుగు మాట్లాడిన యంత్రం జబ్బుపడగానే ఇంగ్లీషులో మూలుగుతుంది. దీనిని సాంకేతిక నిపుణులు లోపంగా భావించరు. అది అంతేనంటారు. అది అంతే కాదని, అలా ఉండనవసరం లేదని వాదించడానికే ఈ వ్యాసం.

న్యాయవాదిని గనుక మొదట న్యాయస్థానంలోని మాట ఒకటి చెబుతాను. 1962లో హరికిసన్ వర్సెస్ మహారాష్ట్ర రాష్ట్రం అనే కేసు సుప్రీంకోర్టు ముందుకు వచ్చింది. ముందస్తు నిర్బంధంలో ఉన్న వ్యక్తికి నిర్బంధ కారణాలను ఇంగ్లీషులో రాసి ఇచ్చారు. ఆయనకు తెలిసినది హిందీ. హిందీలో ఇప్పించమని అడిగితే ఇవ్వలేదు. పోలీసు అధికారి నోటితో హిందీలో వివరించాడు గదా, అది చాలునని ప్రభుత్వం వాదించింది. చాలదని కోర్టు తేల్చింది. రాజ్యాంగం 22వ అధికరణంలో కారణాలు తెలియజేయాలని ఉన్నదంటే, ఆ మనిషి చదివి అర్థం చేసుకొని తన వాదాన్ని చెప్పుకోగలిగే భాషలో తెలియజేయాలని అర్థం. అలా జరగలేదు గనుక నిర్బంధం చెల్లలేదు. ఒక కంప్యూటరు చెడిపోవడం మనిషి నిర్బంధంతో సమానమని నేను అనడం లేదు. కానీ ఆ తీర్పు వెనుక ఉన్న వివేకం మనకు అవసరమైనది. భాష హక్కు పరీక్షకు నిలిచేది పండుగనాడు కాదు, ఆపద వేళ. స్వాగత ద్వారం మీద తెలుగు రాసి, అగ్నిప్రమాదపు హెచ్చరికను మాత్రం ఇంగ్లీషులో రాసిన భవనాన్ని తెలుగు భవనమని ఎవరంటారు?

ఇప్పుడు ఆ నల్ల తెర సంగతి వివరంగా చూద్దాం. మామూలుగా మీట నొక్కగానే లినక్స్ తన పనులన్నిటినీ వరుసగా లేపుకుంటూ వచ్చి, చిట్టచివర ప్రవేశ తెరను లేపుతుంది. ఆ తెరను చూపే కార్యక్రమం వేరుగా ఉంటుంది. జీడీఎం అనో, లైట్‌డీఎం అనో దానికి పేరు. తెలుగు ఖతిని తెచ్చి, గుణింతాలు, వత్తులు సరిగా కూర్చి చూపే సామగ్రి అంతా ఆ చివరి అంచెలోనే ఉంది. మరమ్మతు స్థితిలో యంత్రం ఆ అంచెదాకా పోదు. రోగికి శ్వాస ఆడితే చాలు, అలంకారాలెందుకన్నట్లు, డిస్కును, అత్యవసరమైన కొద్ది పనులను మాత్రమే లేపి అక్కడే ఆగిపోతుంది. పూర్వం దీనిని ఒకటవ రన్‌లెవెల్ అనేవారు. 2015లో డెబియన్, ఉబుంటు రెండూ సిస్టండీకి మారిన తరువాత రెస్క్యూ టార్గెట్ అంటున్నారు. పేరు మారినా గది అదే.

ఉబుంటులో అయితే యంత్రం లేచేటప్పుడు షిఫ్టు మీట గానీ, కొత్త యంత్రాలలో ఎస్కేప్ మీట గానీ నొక్కితే గ్రబ్ అనే జాబితా వస్తుంది. అందులో అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్ అన్న వరుస కింద రికవరీ మోడ్ ఉంటుంది. అది ఎంచుకుంటే యంత్రానికి నోమోడ్‌సెట్ అనే ఆజ్ఞ కూడా వెళుతుంది. తెరకు సంబంధించిన డ్రైవరును పూర్తి శక్తితో పనిచేయించవద్దని దాని అర్థం. తెర డ్రైవరే చెడిపోయి ఉండవచ్చునన్న జాగ్రత్త అది, మంచిదే. తరువాత ఒక చిన్న జాబితా కనిపిస్తుంది. రెజ్యూమ్ అంటే మామూలు దారిన సాగిపొమ్మని. క్లీన్ అంటే చోటు ఖాళీ చేయమని. ఎఫ్‌ఎస్‌సీకే అంటే డిస్కును సోదించమని. డీపీకేజీ అంటే సగంలో ఆగిన ప్యాకేజీలను బాగుచేయమని. రూట్ అంటే సర్వాధికారి గదిలోకి పొమ్మని. ఇవి గాక గ్రబ్, నెట్‌వర్క్, సిస్టం సమ్మరీ.

ఇందులో మనవాళ్ళను ఎక్కువగా తికమక పెట్టేది రెజ్యూమ్. సాగిపొమ్మన్నాం గదా, ఇక మన తెలుగు ప్రవేశ తెర వచ్చేస్తుందని అనుకుంటారు. కొన్ని యంత్రాలలో వస్తుంది, అక్షరాలు పెద్దవిగా, మసకగా. మరికొన్నింటిలో తెర నల్లగానే ఉండిపోతుంది. కారణం, నోమోడ్‌సెట్ ఆజ్ఞ ఇంకా అమలులోనే ఉండడం. తెర డ్రైవరు మేలుకోకుండా ప్రవేశ తెర ఎలా నిలబడుతుంది? కొన్ని డ్రైవర్లకు మొదటినుంచీ పూర్తి ప్రారంభం అవసరమని, రెజ్యూమ్ చేస్తే విఫలం కావచ్చునని ఆ జాబితాయే ముందుగా హెచ్చరిస్తుంది. చేయవలసినది సులభం. రెజ్యూమ్‌తో సరిపెట్టకుండా యంత్రాన్ని ఆపి మళ్ళీ మామూలుగా తెరవాలి. కానీ హెచ్చరిక ఇంగ్లీషులో ఉంది. చదవలేనివారు ఏమనుకుంటారు? మరమ్మతు చేయబోయి ఇంకా పాడుచేశామనుకుంటారు. భయపడి మెకానిక్కును పిలుస్తారు.

అసలు హాస్యమేమంటే, ఉబుంటులో సర్వాధికారి ఖాతాకు మామూలుగా సంకేతపదమే ఉండదు. అందువల్ల రూట్ అన్న వరుసను ఎంచుకుంటే ఎంటర్ మీట నొక్కమంటుంది, అంతే. తలుపు తెరుచుకుంటుంది. మామూలు రోజున సంకేతపదం అడిగిన ఇల్లు ఆపదరోజున ఎవరినైనా లోపలికి రానిస్తుంది, ఇంగ్లీషు వస్తే చాలు. తాళం లేదు, భాషే తాళం. (డెబియన్‌లో పద్ధతి వేరు. అక్కడ సర్వాధికారి సంకేతపదం అడుగుతుంది, దానిని పెట్టుకోనివారికి ఆ ఖాతా మూసి ఉందని చెప్పి వెనక్కు పంపుతుంది. అది కూడా ఇంగ్లీషులోనే.)

ఇది కావాలని అటువైపు వెళ్ళినవారి సంగతి. వెళ్ళనివారినీ యంత్రం తనంతట తానే అక్కడికి ఈడ్చుకుపోతుంది. కరెంటు పోయి డిస్కులో లెక్క తప్పితే, తనకు తాను సరిచేసుకోలేని సందర్భంలో, యంత్రం ప్రారంభంలోనే ఆగి ఒక పదం పక్కన మెరిసే గీతను చూపి కూర్చుంటుంది. మన పల్లెలలో కరెంటు ఎన్నిసార్లు పోతుందో నేను చెప్పనవసరం లేదు.

బెంగళూరులో సరిహద్దు తెలుగు కుటుంబాలు కొన్ని కలిసి నడుపుకునే ఒక చిన్న పఠనమందిరం ఉంది. దాని వ్యవహారాలలో నాకూ కొంత పాత్ర ఉంది. బాగేపల్లి, చింతామణి, ముళబాగిలు, శ్రీనివాసపురం, పావగడ తాలూకాలనుంచి వచ్చి స్థిరపడిన ఇళ్ళలోని పెద్ద ముత్తైదువులు పాడిన పెళ్ళిపాటలు, నలుగుపాటలు, అప్పగింతల పాటలు అక్కడి కంప్యూటరులో పోగుచేశారు. ఊరికొక ఫోల్డరు, మనిషికొక ఫైలు, అన్నిటికీ తెలుగు పేర్లే. చూసుకునే పెద్దాయనకు తెలుగు, కన్నడం రెండూ నీళ్ళు తాగినంత సులభం, ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కోవాలి. ఒక సాయంత్రం కరెంటు పోయి వచ్చిన తరువాత ప్రవేశ తెర రాలేదు. వచ్చిన మెకానిక్కు మరమ్మతు గదిలోకి పోయి ఫైళ్ళ జాబితా అడిగాడు. గళ్ళు వచ్చాయి. వరుసలు వరుసలుగా గళ్ళు. "ఇందులో ఏమీ లేదండీ, అంతా చెత్తగా మారిపోయింది, ఫార్మాట్ కొట్టాల్సిందే" అన్నాడు. పెద్దాయన నాకు ఫోను చేసి అడిగిన మాట ఇది: "లాయరుగారూ, తుడిచేసేదానికి ఒప్పుకోమంటారా? మా అత్త పాట ఒక్కటే ఉండేది, ఆమె పోయి మూడేళ్ళయింది."

ఒప్పుకోవద్దన్నాను. మరునాడు కంప్యూటరు సంగతి తెలిసిన ఒక అమ్మాయిని పంపాము. ఆమె చేసినది మంత్రమేమీ కాదు. ఉబుంటు ఉన్న ఒక పెన్‌డ్రైవుతో అదే యంత్రాన్ని లేపింది. డిస్కును ముట్టకుండా, పెన్‌డ్రైవునుంచే తెర, ఖతి అన్నీ లేచాయి. అదే డిస్కు, అవే ఫైళ్ళు, పేర్లు చక్కని తెలుగులో కనిపించాయి. ఒక్క అక్షరం పోలేదు. వాటిని వేరే డిస్కులోకి ఎత్తి, తరువాత మరమ్మతు చేసింది. చెడిపోయినది చెత్తగా మారిన పాట కాదు, పాట పేరును చదవలేని తెర. ఆ తేడా తెలియకనే ఒక తరం గొంతులు తుడిచిపెట్టుకుపోయేవి. ఇలా ఎన్ని ఇళ్ళలో ఎన్ని ఫైళ్ళు చెత్త అనుకొని చెరిపివేశారో లెక్క తీసేవారు లేరు.

తెర ఎందుకు చదవలేదు? నిపుణుల సమాధానం మనం వినవలసిందే, ఎందుకంటే అందులో సగం నిజం. లినక్స్ నల్ల తెర తన ఖతిలో 512 ఆకృతులకు మించి పెట్టుకోలేదు. ఒక గడిలో ఒక ఆకృతి, గడి తరువాత గడి, అంతే దానికి తెలిసిన రాత. ఇంగ్లీషుకు అది చాలు. మన "స్త్రీ" అన్న ఒక్క అక్షరాన్ని తీసుకోండి. యూనికోడ్‌లో అది ఆరు సంకేతాలు: స, దాని హలంతం, త, దాని హలంతం, ర, ఆపైన గుడిదీర్ఘం. ఆరింటినీ కలిపి ఒక ముద్దగా కూర్చేవాడు ఉండాలి. ప్రవేశ తెర దాటిన తరువాత ఆ కూర్పరి ఉన్నాడు, నల్ల తెరలో లేడు. కనుక ఆరు గళ్ళు.

ఇక మిగిలిన సగం. డెబియన్‌లో నల్ల తెరకు ఖతులు అమర్చే కన్సోల్ సెటప్ అనే సామగ్రిని తెరచి చూడండి. అరబ్బీ ఉంది, హీబ్రూ ఉంది, గ్రీకు, జార్జియన్, ఆర్మేనియన్ ఉన్నాయి, ఇథియోపియా లిపి ఉంది, థాయ్ ఉంది, లావో ఉంది. భారతీయ లిపి ఒక్కటీ లేదు. తెలుగు లేదు, కన్నడం లేదు, తమిళం లేదు, కేంద్రం మన నెత్తిన రుద్దజూసే హిందీ రాసే నాగరి కూడా లేదు! 2011 ఫిబ్రవరిలో డెబియన్ 6 వెలువడినప్పుడు ఇన్‌స్టాల్ చేసే కార్యక్రమంలోకి తెలుగు, కన్నడం, సింహళం, లావో వచ్చాయి. ఎంతో సంతోషించవలసిన విషయం. కానీ బొమ్మల తెరలో మాత్రమే వచ్చాయి. అదే విడుదలలో, అంతవరకూ బొమ్మల తెరకే పరిమితమైన థాయ్, అక్షరాల తెరలోకి కూడా అడుగుపెట్టింది. థాయ్ లిపిలోనూ అక్షరం మీద, అక్షరం కింద గుర్తులు ఉంటాయి. మనకున్న వత్తుల చిక్కు వారికి లేదన్నది నిజమే. అయితే వారిలో ఎవరో పూనుకొని కూర్చుని పనిచేశారన్నదీ నిజమే. 2011 జనగణనలో మాతృభాష తెలుగని చెప్పినవారు దేశంలో 8 కోట్లకు పైబడి ఉన్నారు. థాయ్‌లాండ్ మొత్తం జనాభా అంతకంటే తక్కువ. ఒక్క కర్ణాటకలోనే తెలుగువారు సుమారు 35 లక్షలు. సంఖ్య మనకు కొరత కాదు.

పైగా 512 ఆకృతుల గోడను దాటనవసరమే లేదు, పక్కనుంచి పోవచ్చు. మన జేబులలోని ఆండ్రాయిడ్ ఫోనులో ఉన్నదీ లినక్స్ గుండెకాయే. దాని మరమ్మతు తెరలో అక్షరాలు కూర్చే పూర్తి సామగ్రి ఉండదు. మరి కొన్ని సందేశాలు అక్కడ అనేక భాషలలో ఎలా కనిపిస్తున్నాయి? ఆ వాక్యాలను ఒక్కొక్క భాషలో ముందుగానే బొమ్మలుగా గీసి పెట్టుకున్నారు, తెలుగుతో సహా. అవసరమైనప్పుడు బొమ్మను తెర మీద అతికిస్తారు. గోడ మీద ఫ్లెక్సీ కట్టినంత తేలిక పని. మరమ్మతు జాబితాలో ఉన్నవి పట్టుమని ఇరవై వాక్యాలు. ఇరవై బొమ్మలు గీయలేమా? లేదా ఆ అమ్మాయి పెన్‌డ్రైవులో చేసినట్లు, డిస్కులోనే ఒక మూల చిన్న బొమ్మల తెరను దాచి, ఆపదలో దానిని లేపలేమా? విండోస్, మాక్ మరమ్మతు తెరలు ఈ పద్ధతిలో నడిచేవే. లినక్స్‌లోనే యంత్రం లేచేటప్పుడు కనిపించే ప్లిమత్ తెరకు పాంగో అనే కూర్పరి సాయంతో అక్షరాలు చూపే ఏర్పాటు ఉంది. ఆ పాంగోకు తెలుగు వచ్చు. ఇటుకలన్నీ ఉన్నాయి, గోడ కట్టేవారే లేరు.

ఇక్కడ ఒక ఆక్షేపణ తప్పక వస్తుంది. మరమ్మతు గది నిపుణులకోసం, వారికి ఇంగ్లీషు రావలసిందే గదా అని. ఈ మాట నేను కోర్టులలో ఇరవై ఏళ్ళుగా వింటున్నాను. చట్టం నిపుణులకోసం, కక్షిదారుడికి అర్థం కానక్కరలేదు అని. నిపుణుడు ఇంగ్లీషు చదువుకుంటే మంచిదే. కానీ యంత్రం తనంతట తాను ఆ గదిలోకి ఈడ్చేది నిపుణుణ్ణి కాదు, పఠనమందిరంలోని పెద్దాయనను. యంత్రం ఆయనది, పాట ఆయన అత్తది. తన ఇంట్లో ఏమి తుడిచివేస్తున్నారో తెలుసుకొని ఒప్పుకోవడమో, కాదనడమో చేసే అధికారం ఆయనదే. చదవలేని కాగితం మీద వేలిముద్ర వేయించుకున్నట్లు "తుడిచేయండి" అనిపించుకోవడం అంగీకారం కాదు.

స్వచ్ఛంద కార్యకర్తలను నేను తప్పుపట్టడం లేదు. 2005లో హైదరాబాదులో స్వేచ్ఛ బృందం తెలుగు లినక్స్‌కు పూనుకున్ననాడు వారి వెనుక ఏ ప్రభుత్వ ఖజానా లేదు. 2001 నుంచి కొన్నేళ్ళు మన బెంగళూరులోనే లినక్స్ బెంగళూరు పేరుతో, ఆ తరువాత ఫాస్ డాట్ ఇన్ పేరుతో జరిగిన సమావేశాలకు దేశదేశాలనుంచి నిపుణులు వచ్చారు. ఖతులు గీసినవారు, జాబితాలు అనువదించినవారు నిద్రలు మానుకొని పనిచేశారు. నా ప్రశ్న వారికి కాదు. ప్రజల పన్నుతో 2007లో బాస్ లినక్స్‌ను విడుదల చేసిన సీడాక్‌కు, దానిని నడిపే కేంద్ర మంత్రిత్వశాఖకు. బాస్ అనే మాటలోని మొదటి అక్షరం భారత్. భారతీయ భాషలకోసమే పుట్టినదని చెప్పుకున్న వ్యవస్థ అది. 2011 తరువాత తమిళనాడు ప్రభుత్వం విద్యార్థులకు ఉచితంగా పంచిన ల్యాప్‌టాపులలో విండోస్‌తోపాటు బాస్ కూడా ఉండేది. అంటే హోసూరు, కృష్ణగిరి ప్రాంతపు మన తెలుగు పిల్లల చేతికీ అది వచ్చింది. బడిలో తెలుగు చదువుకోవడానికే 2006 నాటి తమిళ అభ్యసన చట్టంతో పోరాడవలసి వచ్చిన పిల్లలు వారు. డెబియన్ పునాది మీద కట్టిన ఇంటికి డెబియన్ నల్ల గది వారసత్వంగా వస్తుంది. ఆ గదిలో ఒక దీపం పెట్టడానికి స్వచ్ఛంద కార్యకర్తకు తీరిక లేకపోవచ్చు, ప్రభుత్వ సంస్థకు లేదనడం కుదరదు.

మరొక మాట సూటిగా చెప్పాలి. ఇది కన్నడిగులతో తగవు కాదు. ఆ గదిలో కన్నడం కూడా మనలాగే గళ్ళయి కూర్చుంది. 2008 అక్టోబరు 31న ఇద్దరికీ ప్రాచీన భాష హోదా ఒకేరోజు వచ్చింది, ఇద్దరికీ నల్ల తెర మీద చోటు నేటికీ రాలేదు. లిపులు అక్కాచెల్లెళ్ళు, కూర్పులోని చిక్కులూ ఒకటే, ఒకరికి చేసిన పని రెండవవారికి ముప్పాతిక వంతు అక్కరకు వస్తుంది. బెంగళూరులోని కన్నడ మిత్రులతో కలిసి అడిగితే మాట బరువు పెరుగుతుంది. కలిసి అడగడానికి కొందరు మన పెద్దలు జంకుతున్నారని నాకు తెలుసు. వేదికల మీద తేల్చుకోవలసిన తగవులను యంత్రం లోపలికి మోయనక్కరలేదు.

చట్టపు దారి ఉందా? భాషా అల్పసంఖ్యాకులు 15 శాతానికి తగ్గకుండా ఉన్నచోట ముఖ్యమైన ప్రభుత్వ ప్రకటనలు వారి భాషలోనూ ప్రచురించాలన్నది మన రక్షణల పథకంలో చాలా కాలంగా ఉన్న నియమం. ప్రభుత్వం ఇచ్చిన యంత్రం తెర మీద కనిపించే హెచ్చరిక అటువంటి ప్రకటన అవుతుందా కాదా అన్నది వాదించదగిన ప్రశ్న, నేను వాదిస్తాను. అంతవరకూ ఎదురుచూడనక్కరలేని దారి ఒకటి ఉంది. రాజ్యాంగం 350వ అధికరణం ప్రకారం దేశంలోగానీ, ఆ రాష్ట్రంలోగానీ వాడుకలో ఉన్న ఏ భాషలోనైనా కేంద్ర, రాష్ట్ర అధికారులకు వినతిపత్రం ఇచ్చుకోవచ్చు.

కనుక కేంద్ర ఎలక్ట్రానిక్స్, సమాచార సాంకేతిక మంత్రిత్వశాఖకు తెలుగులోనే రాయండి. బాస్ మరమ్మతు స్థితిలో తెలుగు, కన్నడ జాబితా కావాలని అడగండి. కనీసం ఆ వాక్యాలను బొమ్మలుగానైనా పెట్టమనండి. ఏదీ తుడిచివేయకముందు ఆ హెచ్చరిక చదవగలిగే భాషలో రావాలని అడగండి. ఈలోగా ఉబుంటు ఉన్న పెన్‌డ్రైవు ఒకటి ఇంట్లో ఉంచుకోండి, మెకానిక్కు ఫార్మాట్ అనగానే ముందు దానితో లేపి చూపమనండి. వినతిలో మీ తాలూకా పేరు, యంత్రం ఏ సంవత్సరం ఇంటికి వచ్చిందో, ఏ తెర దగ్గర ఆగిపోయిందో రాయండి. తెర మీద కనబడిన ఇంగ్లీషు మాటను అర్థం కాకపోయినా సరే, చూసినది చూసినట్లు కాగితం మీదికి దించి దానికి జతపరచండి.